పడమటి నది – ఒంటిచేతి మేజరు

పాత పుస్తకాలమీద మోజున్నవాడికి ఇంట్లో చోటు చాలదు. ఇంట్లోవాళ్ళకు ఓపిక చాలదు. ఈ రెండు కొరతల మధ్య ముప్ఫై యేళ్ళుగా నేను కాపురం చేస్తున్నాను. తిరుపతిలో మా యింటి ముందుగది గోడలు రెండింటిని పుస్తకాలు ఆక్రమించుకున్నాయి. మూడో గోడకు కిటికీ ఉండటంవల్ల అది బ్రతికిపోయింది. హైస్కూల్లో భూగోళం చెప్పి పెన్షను పుచ్చుకుంటున్నవాణ్ణి కనుక, ఆ పుస్తకాల్లో కథలకంటె నదులూ, కొండలూ, దేశపటాలే ఎక్కువ. వాటిలో అన్నిటికంటె బరువైనదీ, అన్నిటికంటె దూరంనుంచి వచ్చినదీ ఒకటుంది. దాని సంగతి చెప్పడానికే ఈ నాలుగు మాటలూ.

మా అమ్మాయీ, అల్లుడూ అమెరికాలో, ఆరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరంలో ఉంటున్నారు. 2022 డిసెంబరులో వాళ్ళు వచ్చినప్పుడు, మా అమ్మాయి పెట్టె అడుగునుంచి ఒక మూట తీసింది. పసిబిడ్డను చుట్టినట్లు రెండు తువ్వాళ్ళు చుట్టివుంది.

"నాయనా, ఇది నీకు. పాత పుస్తకాల అంగట్లో దొరికింది. మేము తాగే నీళ్ళు ఈ నదివే" అంది.

మా ఆవిడ ఆ బరువు చూసి, "సముద్రాలు దాటి తెచ్చేదానికి ఇంతకంటె తేలికైన రాయి దొరకలేదా తల్లీ!" అంది.

నేను మాత్రం ఆ రాత్రి భోజనం చల్లారేదాకా ఆ పుస్తకం వదలలేదు. 1875లో వాషింగ్టనులోని ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చయిన గ్రంథం. పడమటి కొలరాడో నదినీ, దాని ఉపనదులనూ 1869 నుంచి 1872 వరకు అన్వేషించిన వృత్తాంతమని ముఖపత్రంమీద ఉంది. వ్రాసినవాడు జాన్ వెస్లీ పవెల్. కాగితాల అంచులు తేనెరంగు తిరిగాయి. అక్కడక్కడ తుప్పుమరకలు. పుట తిప్పితే పాత ధాన్యపుకొట్టు తలుపు తీసినట్లు వాసన. ఎవరో పూర్వపు యజమాని ఒక బొమ్మ కింద పెన్సిలుతో సన్నని గీత గీశాడు. ఎందుకు గీశాడో గాని, నూరేళ్ళ క్రిందటి ఆ మనిషికీ నాకూ ఏదో చుట్టరికం కలిసినట్లయింది.

ఇక ఆ బొమ్మలు! ఈనాటి ఫోటోల వంటివి కావు. గట్టి చెక్కదిమ్మెమీద చిత్రకారుడు బొమ్మ గీసి ఇస్తే, పనివాడు సన్నని ఉలులతో తెల్లగా కనిపించవలసిన చోటల్లా తొలిచివేస్తాడు. మిగిలిన గట్లమీద సిరా పూసి అచ్చుతీస్తారు. ఆకాశం, నీడ, నురుగు – అన్నీ వెంట్రుకవంటి గీతలే. భూతద్దం పెట్టి చూస్తే గీతలు. పుస్తకాన్ని చేతిదూరాన పెట్టి చూస్తే మేఘాలను తాకే గోడల మధ్య పారే నది. ఆ గోడల అడుగున చీమంత పడవ. పడవలో చుక్కలవంటి మనుషులు.

ఈ నదిని చూసిన మొదటివాడు పవెల్ అని అనుకోకండి. ఆ లోయల్లో అక్కడి ఆదివాసులు తరతరాలుగా కాపురముంటున్నారు. 1540లో స్పెయిన్ దేశపు సైనికులు మహాలోయ గట్టుమీద నిలబడి నీళ్ళు చూశారు; దిగలేక తిరిగివెళ్ళారు. 1857–58లో లెఫ్టినెంటు ఐవ్స్ అనే సైనికోద్యోగి సముద్రంవైపునుంచి ఆవిరిపడవలో ఎదురెక్కి కొంతదూరం పోయాడు. ఆయనా బొమ్మలున్న నివేదిక ఒకటి 1861లో అచ్చు వేయించాడు. ఈ చోటు ఎందుకూ పనికిరాదనీ, తమ తర్వాత ఇక్కడికి వచ్చే తెల్లవాడెవడూ ఉండబోడనీ ఆయన తేల్చేశాడు. ఇప్పుడా మహాలోయను చూడటానికి ఏటా దాదాపు యాభై లక్షలమంది వస్తున్నారు. జోస్యం చెప్పడం భూగోళం పంతుళ్ళకే కాదు, లెఫ్టినెంట్లకు కూడా మంచిది కాదు.

అయితే నదివెంట పైనుంచి క్రిందికి, ఆ గోడల మధ్యగా, పడవల్లో పోయి దేశపటంలోని ఖాళీని పూరించిన ఘనత పవెల్‌దే. ఆయన అంతర్యుద్ధంలో మేజరు. 1862 ఏప్రిల్లో షైలో యుద్ధంలో గుండుదెబ్బ తగిలి కుడిచెయ్యి తీసివేయవలసి వచ్చింది. యుద్ధం ముగిశాక ఇల్లినాయిలో భూగర్భశాస్త్రం చెప్పే పంతులయ్యాడు. ఎడమచేత్తోనే వ్రాయడం, ఎడమచేత్తోనే కొండలెక్కడం!

1869 మే 10న అమెరికాలో తూర్పునూ పడమరనూ కలిపే రైలుమార్గం పూర్తయింది. రెండు వారాలకే, మే 24న, ఆ రైల్లో వచ్చిన నాలుగు పడవలతో పదిమంది మనుషులు గ్రీన్ రివర్ అనే స్టేషను దగ్గర నదిలోకి దిగారు. పది నెలలకు సరిపడా తిండిగింజలు. ముందు ఎన్ని జలపాతాలున్నాయో ఎవరికీ తెలియదు. తిరిగి ఎదురీదడం అసాధ్యం. అంటే దిగినవాడు అవతలి కొసన బయటపడాలి, లేదా లోపలే ఉండిపోవాలి.

రెండు వారాలకే లొడోర్ అనే లోయలో ఒక పడవ బండలకు కొట్టుకొని రెండు ముక్కలైంది. దానిలో తిండి పోయింది, బట్టలు పోయాయి, ఎత్తులు కొలిచే వాయుమాపకాలూ అందులోనే ఉన్నాయి. అవి లేకపోతే ప్రయాణం చేసీ ప్రయోజనం లేదని మేజరు కుమిలిపోయాడు. మరునాడు ఇద్దరు ప్రాణాలకు తెగించి పడవ శకలం దగ్గరకు పోయారు. అక్కడనుంచి ఒక్కసారిగా సంతోషపు కేకలు! తన పరికరాలమీద వీళ్ళకెంత అభిమానమని మేజరు పొంగిపోయాడు. తీరా చూస్తే పరికరాలతోపాటు, ఆయనకు తెలియకుండా వాళ్ళు దాచి తెచ్చుకున్న విస్కీపీపా కూడా దొరికిందట! ఈ సంగతి ఆయనే వ్రాసుకున్నాడు. మా ఆవిడకు చదివి వినిపిస్తే, "అయితే మగవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఒకటే" అని ఒక్కమాటలో తీర్పు చెప్పింది.

ఆ పూర్వపు యజమాని పెన్సిలు గీత గీసిన బొమ్మ ఇంకొకటి. మేజరు కొండచరియ ఎక్కుతూ, ముందుకూ వెనక్కూ పోలేని చోట, ఉన్న ఒక్క చేత్తో బండ పట్టుకొని వ్రేలాడుతున్నాడు. పైనున్న బ్రాడ్లీ అనే అనుచరుడి దగ్గర తాడు లేదు, కర్ర లేదు. చప్పున తన లోపలి పొడుగులాగు విప్పి క్రిందికి వ్రేలాడదీశాడు. మేజరు బండ వదలి గాలిలో ఆ లాగు పట్టుకొని బ్రతికాడు. బొమ్మలో ఇదంతా ఎంతో గంభీరంగా చెక్కారు. మా మనవడు మాత్రం ఆ బొమ్మ చూసినప్పుడల్లా పొట్ట పట్టుకొని నవ్వుతాడు.

ఆగస్టు చివరికి పరిస్థితి విషమించింది. మొదట్లోనే ఒకడు చాలు బాబోయ్ అని గట్టెక్కి వెళ్ళిపోయాడు. మిగిలింది తొమ్మండుగురు. బూజుపట్టిన పిండి, కొంచెం ఎండు ఆపిలు ముక్కలు, కావలసినంత కాఫీ – ఇదీ ఆహారం. బయటి ప్రపంచంలోనైతే అందరూ మునిగిపోయారని పత్రికల్లో వార్త కూడా వచ్చేసింది. ఆగస్టు 27న ఎదుట భయంకరమైన సుడి. హౌలండ్ సోదరులిద్దరూ, డన్ అనే అతనూ – ముగ్గురు – ఇక నీళ్ళలో పోలేమని, కొండెక్కి కాలినడకన పోతామన్నారు. రాత్రంతా మేజరు నిద్రలేకుండా ఇసుకలో పచార్లు చేశాడు. తెల్లవారి విడిపోయారు. ఇటువాళ్ళు అటువాళ్ళను చూసి, వీళ్ళు చావుకు పోతున్నారనుకున్నారు. అటువాళ్ళూ ఇటువాళ్ళను చూసి అదే అనుకున్నారు. నదిలో పోయిన ఆరుగురూ రెండే రెండు రోజుల్లో, ఆగస్టు 30న, క్షేమంగా బయటపడ్డారు. నడిచిపోయిన ముగ్గురూ తిరిగిరాలేదు. వేరొకరు చేసిన నేరానికి వీళ్ళను నేరస్తులనుకొని షివ్విట్స్ అనే ఆదివాసులు చంపారని చెప్పుకున్నారు. ఆ విషయంలో చరిత్రకారుల వాదన నేటికీ ముగియలేదు. మరుసటి యేడు పవెల్ స్వయంగా ఆ ఆదివాసుల దగ్గరకు పోయాడు. తుపాకులతో పగ తీర్చుకోవడానికి కాదు, దుబాసిని వెంటబెట్టుకొని, వాళ్ళమధ్య కూర్చొని మాట్లాడటానికి. వాళ్ళ భాషలు నేర్చుకున్నాడు. తర్వాత ఆదివాసుల భాషలూ, ఆచారాలూ పరిశోధించే ప్రభుత్వశాఖకు మొదటి అధిపతి అయ్యాడు.

ఇంతవరకు చదివి, ఎంత గొప్ప పుస్తకమని నేనూ కళ్ళకద్దుకున్నాను. కాని పాత పుస్తకాలకొక గుణముంది. రెండోసారి చదివితే అవి తమ రహస్యాలు చెప్తాయి. 1869 ప్రయాణంలో చిత్రకారుడూ లేడు, ఫోటోలు తీసేవాడూ లేడు. మరి ఈ బొమ్మలెక్కడివి? 1871లో పవెల్ రెండోసారి వేరే మనుషులతో నదిలోకి దిగాడు. ఫోటోలు తీసింది అప్పుడు. థామస్ మోరన్ అనే పెద్ద చిత్రకారుడు 1873లో గట్టుమీదనుంచి లోయ చూసి బొమ్మలు వేశాడు. పవెల్ మాత్రం రెండు ప్రయాణాల సంగతులనూ కలిపి, అంతా 1869లో జరిగినట్లే కథ అల్లాడు. ముఖపత్రంమీద నాలుగు సంవత్సరాలున్నాయి, కథలో ఒక్కటే. లాగు సంగతి కూడా బ్రాడ్లీ దినచర్యలో మరొక రోజున, మరొక చోట ఉంది. అన్నిటికంటె కష్టం కలిగించేదేమిటంటే, రెండో ప్రయాణంలో ప్రాణాలొడ్డినవాళ్ళ పేర్లు కథలో లేనేలేవు. వారిలో ఒకడు పదిహేడేళ్ళ కుర్రవాడు ఫ్రెడరిక్ డెలెన్బా. అతను ఆ మాట మనసులో పెట్టుకొని, 1902లో ఒకటి, 1908లో ఒకటి, రెండు పుస్తకాలు వ్రాసి తోటివాళ్ళ పేర్లు లోకానికి చెప్పాడు. మహాలోయ గట్టుమీద 1918లో ప్రతిష్ఠ చేసిన పవెల్ స్మారకంమీద కూడా, మధ్యలో విడిపోయినవాళ్ళ పేర్లు చెక్కలేదు.

ఎంత అందమైన బొమ్మకైనా అంచు ఉంటుంది. ఆ అంచు అవతల ఎవరున్నారో అడగడం చదివేవాడి ధర్మం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. ఈ పుస్తకంలో బొమ్మలున్నాయి, సాహసముంది, లెక్క లేదు. లెక్క ఆయన తర్వాత చెప్పాడు. 1878లో ఎండుభూములమీద మరొక నివేదిక వ్రాశాడు. దాంట్లో లాగు సంగతి లేదు, విస్కీపీపా లేదు. సాలీనా ఇరవై అంగుళాలకంటె తక్కువ వాన పడే నేలమీద వానను నమ్మి సేద్యం సాగదన్నాడు. నీళ్ళున్నంత మేరకే పొలం చేయాలన్నాడు. తడిపొలమైతే కుటుంబానికి ఎనభై ఎకరాలు చాలు, పశువుల బీడైతే రెండువేల అయిదువందల అరవై ఎకరాలు కావాలన్నాడు. జిల్లాల హద్దులు గీతబద్దతో గీయవద్దు, ఏ నీళ్ళు ఏ వాగులోకి దిగుతాయో చూసి గీయండి, నీటిహక్కు నేలతోనే ఉండాలి గాని కొనుక్కున్నవాడి జేబులో ఉండరాదు – అన్నాడు. అప్పట్లో అమెరికాలో, దున్నితే చాలు వాన దానంతటదే వస్తుందని నమ్మించి భూములమ్మేవాళ్ళు చాలామంది. వాళ్ళకీ మాటలు రుచిస్తాయా? 1890లో ఆయన నీటి సర్వేకు డబ్బు ఆపేశారు. 1893లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన నీటిపారుదల మహాసభలో, ఈ నేలంతా తడపడానికి చాలినన్ని నీళ్ళు లేవనీ, మీరు బిడ్డలకు వ్యాజ్యాలు ఆస్తిగా కూడబెడుతున్నారనీ ఆయన చెబితే, సభ గోలపెట్టి ఆయన్ను మాట్లాడనివ్వలేదు.

సాహసానికి చప్పట్లు కొట్టిన లోకమే లెక్కకు ఈల వేసింది.

తర్వాతేమైంది? 1922లో ఆ నదినీళ్ళు రాష్ట్రాలవాళ్ళు పంచుకున్నారు – పైవారికి డెబ్బయ్యయిదు లక్షల ఎకరా అడుగులు, క్రిందివారికి అంతే. 1944లో మెక్సికోకు మరో పదిహేను లక్షలు. పాత చెట్ల మానులోని వలయాలను లెక్కించి చూస్తే, పంపకానికి ముందటి యేళ్ళు మామూలుకంటె ఎక్కువ వానలు కురిసిన కాలమని తేలింది. పండగనాటి వంట చూసి నెలసరి ఖర్చు రాసుకున్నట్లయింది. 1963లో ఒక ఆనకట్ట తలుపులు మూసి, దాని వెనుక సరస్సుకు పవెల్ పేరే పెట్టారు. ఆయన ఎంతో మురిసిపోయి వర్ణించిన గ్లెన్ లోయ ఆ నీటి క్రిందే మునిగింది. చివరకు, ఆ నది చాలా యేళ్ళుగా సముద్రాన్ని చేరడమే అరుదైంది. 2021 ఆగస్టులో అక్కడి ప్రభుత్వం చరిత్రలో మొదటిసారి ఆ నదిలో నీటికొరతను అధికారికంగా ప్రకటించింది. ఫీనిక్సుకు వచ్చే నీళ్ళు 336 మైళ్ళ కాలువలో, పంపులతో ఎత్తిపోయగా వచ్చేవి. "సరస్సు గోడలకు పాలగిన్నె కట్టినట్లు తెల్లటి చార కనిపిస్తాది నాయనా. నీళ్ళు దాకా వెళ్ళాలంటే దిగుతానే ఉండాల" అని మా అమ్మాయి ఫోనులో చెప్పింది.

అదే 2021 నవంబరులో ఇక్కడ మా స్వర్ణముఖి పొంగింది. ఏడాదిలో ఎక్కువభాగం ఇసుకమాత్రమే కనిపించే ఆ నది, గట్లు కోసి ఇళ్ళను లాక్కుపోయింది. తిరుపతి వీధుల్లో మోకాళ్ళ లోతు నీళ్ళు. మూడు నెలల తేడాలో కూతురి ఊళ్ళో కరువు, తండ్రి ఊళ్ళో వరద. నీళ్ళు లేకపోవడమూ, ఉన్న నీళ్ళు నిలవకపోవడమూ ఒకే జబ్బుకు రెండు లక్షణాలని నాకు అప్పుడు తోచింది.

మన సీమవాళ్ళకు పవెల్ లెక్క కొత్త కాదు. ఆయన పుస్తకం అచ్చయిన 1875లోనే మన కడప జిల్లా మాన్యువల్ కూడా అచ్చయింది. అది వ్రాసినవాడు గ్రిబుల్ దొర. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె, వాయల్పాడు కడపలోనే ఉండేవి. ఆ మరుసటి యేడే, 1876లో, ధాత కరువు మొదలై 1878దాకా ఈ సీమను దహించింది. అంటే పవెల్ అక్కడ ఎండుభూముల నివేదిక వ్రాస్తున్న రోజుల్లోనే ఇక్కడ మనవాళ్ళు గంజికేంద్రాల దగ్గర వరుసల్లో ఉన్నారన్నమాట. ఆయన గీచిన ఇరవై అంగుళాల గీతకు మన అనంతపురం రెండంగుళాల పైన మాత్రమే ఉంది.

లెక్క తెలిసినవాళ్ళు మనలోనూ ఉన్నారు. తిరుమల, తిరుపతి గుళ్ళ గోడలమీద శాసనాలు చూడండి. పదిహేను, పదహారు శతాబ్దాల్లో స్వామికి వచ్చిన కానుకలసొమ్మును ఊరికే కొట్లో పెట్టలేదు. దేవుడి గ్రామాల్లో చెరువులు తవ్వించి, కాలువలు తీయించి, దానివల్ల అదనంగా పండిన పంటతో ఏ రోజు ఏ నైవేద్యం జరగాలో రాతిమీద చెక్కించారు. ముందు నీళ్ళు, తర్వాత పంట, ఆ తర్వాతే ప్రసాదం! 1937 నవంబరు 16న మద్రాసులో, ఆంధ్రపత్రిక స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ అనే ఇంట్లో కోస్తావారూ సీమవారూ కూర్చొని చేసుకున్న ఒప్పందంలోనూ కృష్ణ, తుంగభద్ర, పెన్న నీళ్ళలో పదేళ్ళపాటు సీమకు ముందు చోటు ఇవ్వాలని వ్రాసుకున్నారు. తర్వాత బచావత్ ట్రిబ్యునల్ కృష్ణలో నమ్మదగిన నీళ్ళు 2,060 టి.ఎం.సి.లని తేల్చి, మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 చొప్పున పంచింది. కృష్ణాజలాలను మన చిత్తూరు సీమదాకా ఎత్తిపోసే హంద్రీ–నీవా వంటి పథకాలు ఆ నికరజలాలమీద కాక మిగులుజలాలమీద తలపెట్టినవి. మిగిలితే పెడతామన్న విస్తరిముందు ఎంత ఓపికగా కూర్చోవాలో, సీమలో పుట్టినవాడికి వేరే చెప్పాలా?

ఈ లెక్కలన్నీ పుస్తకాల్లో ఉన్నంతకాలం నాకు బాగానే ఉండింది. 2023 వేసవిలో అవి మా యింటి గడప తొక్కాయి.

మా తమ్ముడు పడమటి మండలాల్లో, మా ఊళ్ళోనే ఉండి సేద్యం చేస్తాడు. టమాటా ఎక్కువ. నాలుగు బోర్లలో రెండు ఎండిపోయాయి, మూడోది దగ్గుతూ ఉంది. ఆ వేసవిలో ఒకనాడు పొద్దున్నే బస్సు దిగి వచ్చాడు. కాఫీ తాగినాక సంచిలోనుంచి కాగితాలు తీశాడు.

"అన్నా, ఇంగొక బోరు వేస్తా ఉండా. టెంకాయ పెట్టి చూసినాయన ఈశాన్యం మూల నీళ్ళుండాయి అన్నాడు. వెయ్యి అడుగులు దింపాల. పొలంమీద అప్పు తీసుకోవాలంటే ఉమ్మడి పట్టా గదా, నీ సంతకం గావాల."

మాకున్నది ఆ పొలమొక్కటే. నాయన ఇచ్చి పోయింది. తమ్ముడి కొడుకు చదువు, కూతురి పెళ్ళి – అన్నీ దానిమీదే ఉన్నాయి. సంతకం పెట్టకపోతే వాడి నోటికాడి కూడు తీసినట్లు. పెట్టి, బోరు ఎండితే, పొలమే పోతుంది. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి నావైపు చూస్తూ ఉంది. నేను కలం కోసం వెతుకుతున్నట్లు కాస్త కాలయాపన చేశాను.

ఆ వ్యవధిలో మా తమ్ముడు బల్లమీదున్న పుస్తకం తెరిచాడు.

"ఇది మన గండికోట గదన్నా!"

నిజమే. పెన్నానది ఎర్రమల కొండలను కోసుకొని పారే చోటు చూసినవాడికి ఆ బొమ్మ అలాగే తోస్తుంది. అవే పలకలు పలకలుగా పేర్చిన రాళ్ళు, అదే లోతున సన్నటి నీటిచార. కాకపోతే మన గండి లోతు సుమారు మూడువందల అడుగులు, అక్కడిది ఆరువేలు. వాడికి కథంతా చెప్పాను. పడవ పగలడం, విస్కీపీపా, లాగు సంగతి, విడిపోయిన ముగ్గురు. వాడు పగలబడి నవ్వాడు, తర్వాత నవ్వు మానేశాడు.

"అంతా చూసొచ్చిన ఆయప్ప కడాకి ఏం జెప్పినాడు?"

"నేల ఎక్కువ, నీళ్ళు తక్కువ. ముందు నీళ్ళు కొలుచుకొని తర్వాత దున్నుకోండి అన్నాడు."

మా తమ్ముడు కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ మాట మన అవ్వకు తెలీదా ఏంది! చెరువుకట్టమీద నిలబడి చూసినాకనే గదా ఇత్తనాలు తీసేది" అన్నాడు.

నాకు ఒళ్ళు జలదరించింది. మా అవ్వకు అక్షరమ్ముక్క రాదు. ఏటా వానలు వెలిసినాక చెరువుకట్టమీదికి పోయి, తూము దగ్గర నిలబడి, నీళ్ళు ఎన్ని మెట్లు ముంచాయో చూసి వచ్చేది. మొరవ పోతే వరి. సగం నిండితే ఒక కయ్య వరి, మిగతాదంతా రాగులు. అడుగున ఉంటే చెనక్కాయలు, కందులు. నివేదిక వ్రాయలేదు, బొమ్మలు వేయించలేదు, మహాసభలో ఎవరిచేతా ఈల వేయించుకోనూ లేదు. పవెల్ వెయ్యి మైళ్ళు పడవలో పోయి తెచ్చిన లెక్క, మా అవ్వకు తూముమెట్ల దగ్గరే దొరికింది. మరి ఆ లెక్క మన చేతుల్లోనుంచి ఎప్పుడు జారింది? బోరు వచ్చినాక. చెరువులో నీళ్ళు కంటికి కనిపిస్తాయి. అందరివీ గనుక అందరూ చూస్తారు. బోరులో నీళ్ళు కనిపించవు. ఎవరి గొట్టం వారిది. కనిపించనిదాన్ని కొలిచేదెవరు? పక్కవాడు ఎనిమిదివందలు పోతే మనం వెయ్యి పోవడమే లెక్కయింది.

"అయితే సంతకం?" అన్నాను.

వాడు కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "ఇప్పుడేం వద్దులే అన్నా. చెరువుకు నీళ్ళొచ్చే వంక పూడిపోయి పదేండ్లయింది. కంపచెట్లు కొట్టించి చూస్తాం. అదీ కాకుంటే అప్పుడు చూస్తాం" అన్నాడు.

ఇందులో నా గొప్ప ఏమీ లేదు, పుస్తకం గొప్ప కూడా అంతగా లేదు. వాడికి తెలిసిన మాటే ఎవరో పరాయివాడి నోట విన్నాడు, అంతే. వంక బాగుచేయడం ఒక్కరోజులో కాలేదు. పదిమంది చందా వేసుకున్నారు, ఇద్దరు తమ హద్దులోకి రావద్దని పేచీ పెట్టారు, పెద్దమనుషులు కూర్చున్నారు. నీళ్ళకొచ్చేటప్పటికి వ్యాజ్యాలు వారసత్వమవుతాయని మేజరు ఊరికే అనలేదు గదా! చివరకు పని జరిగింది. ఆ తర్వాత వచ్చిన వానలకు చెరువు నిండలేదు గాని, సగానికి వచ్చింది. మూడో బోరు దగ్గు కొంచెం తగ్గిందని మా తమ్ముడు చెప్పాడు. ఆ యేడు టమాటా తగ్గించి, ఒక కయ్య వరి పెట్టి, మిగతాది రాగులు చల్లాడు. రాబడి గొప్పగా లేదు. అప్పుకూడా లేదు.

మరుసారి వాడు వచ్చినప్పుడు చెప్పిన మాటతో ముగిస్తాను. తూము దగ్గరి మెట్లకు ఊళ్ళో కుర్రవాళ్ళు సున్నంతో అంకెలు వేశారట – ఒకటి, రెండు, మూడు అని. బడిపిల్లలు పోతూ వస్తూ చదివి, ఇంట్లో చెప్తారట. "ఇప్పుడు నాలుగో మెట్టు కాడుండాయన్నా నీళ్ళు" అన్నాడు మా తమ్ముడు, తన బ్యాంకు ఖాతాలో నిలవ చెప్పినంత ధీమాగా. ఆ అంకెను నేను కాగితంమీద వ్రాసి, తేదీ వేసి, మేజరుగారి పుస్తకంలో లొడోర్ లోయ బొమ్మ దగ్గర పెట్టుకున్నాను.